వార్తను చెరిగి చూడటం: సామాజిక విషయాలపై ఆన్‌లైన్ చర్చలకు ఒక సమగ్ర మార్గదర్శి

2018 జులై 13న హైదరాబాద్‌కు చెందిన ఒక యువ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు స్నేహితులతో కలిసి కర్ణాటకలోని బీదర్ జిల్లాకు వెళ్లాడు. దారిలో ఒక ఊళ్లో ఆగినప్పుడు వారు అక్కడి పిల్లలకు చాక్లెట్లు పంచారు. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న సందేశాలు అప్పటికే కొన్ని వారాలుగా ఫోన్లలో చక్కర్లు కొడుతున్నాయి. ఊరివాళ్లకు అనుమానం వచ్చింది, వాట్సాప్‌లో వారి దృశ్యాలు వారికంటే ముందే పక్క ఊరికి చేరాయి, ముర్కి అనే చోట జనం దారికి అడ్డం పడి కొట్టారు, ఆ యువకుడు ప్రాణాలు కోల్పోయాడు. అదే నెల 1న మహారాష్ట్రలోని ధూలె జిల్లా రాయిన్‌పాడాలో సంచార జాతికి చెందిన ఐదుగురిని ఇదే అనుమానంతో చంపేశారు. ఆ రోజుల్లో చాలా ఎక్కువగా తిరిగిన వీడియో ఒకటి నిజానికి కరాచీలో అవగాహన కోసం చిత్రీకరించినది. మోటారు సైకిల్ మీద వచ్చినవాళ్లు పిల్లవాణ్ని ఎత్తుకుపోయి, వెంటనే వెనక్కి తెచ్చి దింపి, పిల్లల భద్రత గురించి రాసిన అట్టను చూపిస్తారు. ఆ చివరి భాగాన్ని ఎవరో కత్తిరించి మిగిలినది పంపారు.

దాన్ని ముందుకు పంపినవాళ్లలో పిల్లల మీద బెంగతో పంపిన తల్లిదండ్రులూ ఉన్నారు. నన్ను ఈ వ్యాసానికి పురికొల్పింది ఆ సంగతే. మంచి మనసు, చదువు, లోకజ్ఞానం ఉన్నవాళ్లు కూడా ఒక పద్ధతి అంటూ లేకపోతే పొరపాటు పడతారు. ఆ పద్ధతిని చేటతో పోల్చవచ్చు. బియ్యం చెరిగేటప్పుడు ఊక ఒక వైపు ఎగిరిపోతుంది, రాళ్లు ఒక మూలకు చేరతాయి, నూకలు ఇంకో వైపు జారతాయి. మనకు అందే సందేశంలోనూ వేర్వేరు రకాల మాటలు కలిసి వస్తాయి. వాటిని విడదీయకుండా మొత్తాన్ని ఒప్పుకోవడం, లేదా మొత్తాన్ని కొట్టిపారేయడం మన చర్చల్లో జరుగుతున్న ప్రధానమైన తప్పు అని నా అభిప్రాయం.

మొదటి మెట్టు: సందేశాన్ని నాలుగు వరుసలుగా రాసుకోండి

ఒక ఉదాహరణ తీసుకుందాం. "నిన్న ఫలానా ఊళ్లో ఒక బాలికపై అఘాయిత్యం జరిగింది, ఇలాంటివి ఈ మధ్య రెట్టింపయ్యాయి, దీనికంతటికీ ఫోన్లే కారణం, పదో తరగతి దాకా పిల్లలకు ఫోన్ ఇవ్వకూడదని చట్టం తేవాలి" అని ఒక సందేశం వచ్చిందనుకోండి. చదివేటప్పుడు ఇదంతా ఒకే మాటలా ఒక్క ఊపులో సాగిపోతుంది. కాగితం మీద విడదీసి రాస్తే ఇందులో నాలుగు మాటలున్నాయని తెలుస్తుంది. మొదటిది సంఘటన, రెండోది సంఖ్య, మూడోది కారణం, నాలుగోది కర్తవ్యం.

ఈ నాలుగింటికీ కావలసిన రుజువులు వేరు. సంఘటనకు సాక్ష్యం కావాలి. సంఖ్యకు లెక్క, ఆ లెక్క కట్టిన పద్ధతి కావాలి. కారణానికి పోలిక కావాలి. కర్తవ్యం విషయంలో మన విలువలు కూడా తేలాలి. సంఘటన నిజమైనంత మాత్రాన మిగిలిన మూడూ నిజమైపోవు. అలాగే సంఖ్య తప్పని తేలినంత మాత్రాన ఆ బాలికకు జరిగిన అన్యాయం అబద్ధమైపోదు. చర్చలు పట్టాలు తప్పేది ఎక్కువగా ఇక్కడే. ఒకరు కర్తవ్యం గురించి మాట్లాడుతుంటే ఇంకొకరు సంఖ్యను పట్టుకుని సమాధానం చెబుతారు, చివరికి ఇద్దరికీ ఎదుటివారు మొండివారిగా కనిపిస్తారు. మీకు కోపం వచ్చిన మాట ఈ నాలుగింటిలో ఏ వరుసలో ఉందో గుర్తించడానికి నిమిషం కూడా పట్టదు, ఆ నిమిషంలోనే ఆవేశం సగం తగ్గుతుంది.

రెండో మెట్టు: సంఘటనను దాని పుట్టుక దాకా వెంబడించండి

2024 సెప్టెంబర్ మొదటి రోజుల్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ ప్రాంతమంతా నీట మునిగింది. ప్రకాశం బ్యారేజీ నుంచి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు కిందికి పోయింది. ఆ రాత్రి మా బంధువుల గ్రూపులో మా బావ పద్నాలుగు సెకన్ల వీడియో ఒకటి పెట్టి, "బ్యారేజీ తెగిపోయింది, అందరికీ చెప్పండి" అని రాశాడు. మా వాళ్లలో కొందరు అప్పటికే సామాన్లు సర్దడం మొదలుపెట్టారు.

నేను ఆ వీడియోను ఆపి ఆపి చూశాను. ఎర్రటి నీటిలో ఒక లారీ సగం దాకా మునిగి ఉంది, దాని నంబరు పలక జీజే అనే అక్షరాలతో మొదలవుతోంది. ఎడమ వైపు మూసి ఉన్న కొట్టు మీద బోర్డులో తెలుగు అక్షరం ఒక్కటీ లేదు, ఉన్న లిపి గుజరాతీ. నది గాని, బ్యారేజీ స్తంభాలు గాని ఎక్కడా కనిపించవు. తర్వాత సీతానగరంలో ఉండే మా పిన్నికి ఫోన్ చేశాను. బ్యారేజీ నిలిచే ఉందని, పడవలు కొట్టుకువచ్చి గేట్ల దగ్గర ఢీకొన్నాయని అక్కడ అనుకుంటున్నారని ఆమె చెప్పింది. ఆ పడవల మాట నిజమే. అవి తగిలి గేట్లను ఎత్తడానికి, దించడానికి తోడ్పడే బరువు దిమ్మెలు (కౌంటర్ వెయిట్లు) దెబ్బతిన్నాయి, ఆ తర్వాత మరమ్మతులు చేశారు. అంటే పుకారులో ఒక గింజ నిజం ఉంది, దాని చుట్టూ వేరే రాష్ట్రపు దృశ్యం వచ్చి అతుక్కుంది. వీడియో అసలైనదే అయినా అందులో ఉన్నది మన ఊరు కాకపోవచ్చు. తప్పుడు వార్తల్లో చాలా భాగం ఇలా నిజమైన దృశ్యాన్ని వేరే చోటికి, వేరే కాలానికి అంటగట్టడం వల్లే పుడతాయి.

కాబట్టి దృశ్యం అందినప్పుడు దుకాణాల బోర్డుల మీది లిపి, వాహనాల నంబర్లు, పోలీసుల దుస్తులు, ఎండో వానో, మాట్లాడే భాష, యాస గమనించండి. ఒక ఫ్రేమును స్క్రీన్‌షాట్ తీసి గూగుల్ లెన్స్‌లో వెతికితే అది అంతకుముందు ఎప్పుడు, ఎక్కడ కనిపించిందో తరచుగా బయటపడుతుంది. వాట్సాప్‌లో సందేశం మీద జంట బాణాల గుర్తు ఉంటే అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. పంపినవారు మీకు ఎంత దగ్గరివారైనా వారు దానికి సాక్షి కారు. హైదరాబాద్ నుంచి నడిచే ఫ్యాక్ట్‌లీ లాంటి సంస్థలు తెలుగులోనే నిర్ధారణలు రాస్తున్నాయి, అక్కడ వెతకడం మంచిదే. అయితే వారి తీర్పుతో ఆగిపోకుండా, వారు ఏ ఆధారం చూపారో కూడా చదవండి. గొంతును, ముఖాన్ని యంత్రంతో తయారుచేయడం తేలికైన ఈ రోజుల్లో బొమ్మలో మనిషికి వేళ్లు సరిగా ఐదే ఉన్నాయా అని లెక్కపెట్టి నకిలీని పట్టుకోవచ్చనుకోవడం ప్రమాదం. మొదట ఎవరు పెట్టారు, అక్కడ ఉన్న ఇంకెవరైనా అదే చెబుతున్నారా అన్న ప్రశ్నలే ఇప్పటికీ నమ్మదగిన పరీక్షలు.

ఇంకొక జాగ్రత్త చెప్పాలి. ఒకే వార్త పది చోట్ల కనిపించినంత మాత్రాన దానికి పది ఆధారాలు ఉన్నట్టు కాదు. ఒక వార్తా సంస్థ పంపిన కథనాన్నే పది వెబ్‌సైట్లు తమ మాటల్లో తిరిగి రాసి ఉండవచ్చు. పది చోట్లా చదివి చివరికి అందరూ ఎవరి మాటను ఉటంకిస్తున్నారో చూస్తే మూలాలు నిజంగా ఎన్నో తేలుతుంది.

మూడో మెట్టు: తీర్పులు, ఉత్తర్వులు, చట్టాలు అయితే అసలు పత్రాన్ని తెరవండి

కోర్టు తీర్పుల విషయంలో శీర్షిక చదివి వాదనకు దిగడం వల్ల జరిగే నష్టం పెద్దది. ఎస్సీ వర్గీకరణ తీర్పు ఇందుకు మన తెలుగు నేలకు బాగా దగ్గరైన ఉదాహరణ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎస్సీలను ఏ, బీ, సీ, డీ వర్గాలుగా విభజిస్తూ 2000లో చేసిన చట్టాన్ని సుప్రీంకోర్టు 2004లో ఈవీ చిన్నయ్య కేసులో కొట్టేసింది. ఇరవై ఏళ్ల తర్వాత, 2024 ఆగస్టు 1న, ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6:1 మెజారిటీతో ఆ పాత తీర్పును పక్కన పెట్టి, రాష్ట్రాలు వర్గీకరణ చేయవచ్చని చెప్పింది.

ఆ సాయంత్రానికే "ఎస్సీలకు క్రీమీలేయర్ పెట్టాలని సుప్రీంకోర్టు ఆదేశించింది" అన్న మాట ఊరూవాడా పాకింది. క్రీమీలేయర్ పెట్టడమంటే ఆ వర్గంలోనే బాగా స్థిరపడినవారిని రిజర్వేషన్ నుంచి పక్కన పెట్టడం. ధర్మాసనం ముందున్న ప్రశ్న రాష్ట్రాలకు వర్గీకరణ అధికారం ఉందా అన్నది. క్రీమీలేయర్ ఉండాలన్న అభిప్రాయాన్ని నలుగురు న్యాయమూర్తులు తమ తీర్పుల్లో రాశారు. ఆ అభిప్రాయానికి చర్చలో ఎంతో బరువుంది, కానీ అది అమలు చేయవలసిన ఆదేశంగా వెలువడలేదు. ఎస్సీ, ఎస్టీ రిజర్వేషన్లలో క్రీమీలేయర్‌కు రాజ్యాంగంలో చోటు లేదని కేంద్ర మంత్రివర్గం ఆగస్టు 9న ప్రకటించింది. వర్గీకరణను సమర్థించేవారికీ వ్యతిరేకించేవారికీ ఈ తేడా తెలిసి ఉండాలి, ఎందుకంటే లేని ఆదేశం గురించి పోట్లాడుకుంటుంటే ఉన్న తీర్పు గురించి మాట్లాడే అవకాశం పోతుంది.

సుప్రీంకోర్టు తీర్పులు ఎవరైనా ఉచితంగా చదవవచ్చు. అన్ని పేజీలూ చదవనక్కరలేదు. కోర్టు ముందున్న ప్రశ్న ఏమిటో మొదట్లో, కోర్టు తేల్చినది ఏమిటో చివర్లో ఉంటుంది. ఆ రెండు భాగాలూ చదివితే ఎక్కువ శీర్షికల బరువు తూచవచ్చు. ప్రభుత్వ పథకాల గురించైతే జీవో, కేంద్ర చట్టాల గురించైతే గెజిట్, గణాంకాల గురించైతే పార్లమెంటులో మంత్రులు ఇచ్చిన రాతపూర్వక సమాధానాలు చూడండి. ఎక్కడా దొరకని సమాచారానికి 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది, సాధారణంగా 30 రోజుల్లో జవాబు రావాలి.

నాలుగో మెట్టు: అంకె వెనక ఎవరిని, ఎలా లెక్కపెట్టారో అడగండి

ఈ మెట్టు దగ్గర కొంచెం ఎక్కువసేపు నిలబడాలి, ఎందుకంటే అంకె చెప్పగానే వాదన ముగిసిందని మనం అనుకుంటాం.

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం దేశంలో నమోదైన అత్యాచారం కేసులు 2012లో 24,923, 2013లో 33,707. ఒక్క ఏడాదిలో 35 శాతం పెరుగుదల. ఈ అంకెలు సరైనవే. వీటిని చూసి దేశంలో అత్యాచారాలు ఒక్క ఏడాదిలో మూడో వంతుకు పైగా పెరిగాయని అనవచ్చా? ఆ రెండు సంవత్సరాల మధ్య ఢిల్లీలో 2012 డిసెంబర్ నాటి ఘోరం జరిగింది, దేశమంతా జనం రోడ్ల మీదికి వచ్చారు, 2013లో చట్టాన్ని సవరించి అత్యాచారం నిర్వచనాన్ని విస్తరించారు, ఫిర్యాదు నమోదు చేయని పోలీసు అధికారికి శిక్ష పెట్టారు. అంతకుముందు నోరు విప్పని ఎందరో మహిళలు స్టేషన్ మెట్లు ఎక్కారు. కాబట్టి ఆ పెరుగుదలలో కొత్త నేరం ఎంతో, పాత మౌనం వీడటం ఎంతో ఈ ఒక్క అంకె చెప్పలేదు. నేరం పెరగడం వేరు, నేరం నమోదు కావడం పెరగడం వేరు అని ఆ సంస్థ తన నివేదికల్లోనే హెచ్చరిస్తుంది. రెండు రాష్ట్రాలను పోల్చి "ఫలానా రాష్ట్రం నేరాల్లో నంబర్ వన్" అనేవారు ఆ హెచ్చరికను దాటేసి పట్టికకు వెళ్లిపోతారు. ఫిర్యాదు తీసుకునే పోలీసులున్న రాష్ట్రం పట్టికలో చెడ్డగా, వెనక్కి పంపే పోలీసులున్న రాష్ట్రం మంచిగా కనిపించే ప్రమాదం ఉంది. అలాగే మొత్తం కేసులను కాకుండా లక్ష జనాభాకు ఎన్ని అన్న రేటును చూడకపోతే పెద్ద రాష్ట్రం ఎప్పుడూ దోషిగానే కనిపిస్తుంది.

రెండో ఉదాహరణ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే. దాని ఫలితాలు రాగానే దేశంలో ప్రతి 1,000 మంది పురుషులకు 1,020 మంది స్త్రీలున్నారని, ఆడపిల్లల కొరత తీరిపోయిందని సంబరంగా చెప్పుకున్నారు. ఈ సర్వే ఇళ్లకు వెళ్లి, ముందు రాత్రి ఆ ఇంట్లో పడుకున్నవారిని లెక్కపెడుతుంది. పని కోసం వేరే ఊరికి పోయి షెడ్లలో ఉండే మగవాళ్లు, హాస్టళ్లలో, సైనిక బ్యారక్‌లలో ఉండేవాళ్లు ఆ లెక్కలోకి సరిగా రారు. పాలమూరు నుంచో పలాస నుంచో వలస పోయినవారి ఇల్లు ఒకసారి గుర్తు తెచ్చుకుంటే ఇది తేలిగ్గా అర్థమవుతుంది, ఆ ఇంట్లో ఆ రాత్రి ఉన్నది తల్లి, భార్య, పిల్లలు. ఆడపిల్లలు పుట్టనిస్తున్నారా లేదా అన్న ప్రశ్నకు చూడవలసిన అంకె అదే సర్వేలో ఇంకో వరుసలో ఉంది. ప్రతి 1,000 మంది మగ శిశువులకు పుట్టిన ఆడ శిశువులు 929. ఒకే నివేదికలో ఒక అంకె సంబరానికి, ఇంకొక అంకె ఆందోళనకు ఆధారమైంది. మీ ప్రశ్నకు ఏది జవాబో మీరే ఎంచుకోవాలి.

మూడోది మతాల వారీ సంతానం. ముస్లింలకు పిల్లలు ఎక్కువ అని ఒకరు, వారి సంతానం తగ్గిపోతోందని ఇంకొకరు గంటల తరబడి తగవు పడుతుంటారు. అదే సర్వే వరుసలో 1992-93 నుంచి 2019-21 వరకు చూస్తే ముస్లిం మహిళల సగటు సంతానం 4.4 నుంచి 2.4కు, హిందూ మహిళలది 3.3 నుంచి 1.9కి తగ్గింది. ఇద్దరూ చెప్పేది నిజమే. తేడా ఉంది, అది సగానికి పైగా కుంచించుకుపోయింది కూడా. ఇదే సర్వేలో రాష్ట్రాల వారీగా చూస్తే బిహార్ సగటు 3.0, ఆంధ్రప్రదేశ్ సగటు 1.7. ఆ రెండు రాష్ట్రాల మధ్య దూరం రెండు మతాల మధ్య దూరం కంటే ఎక్కువ. ఒక సమూహం గురించి అంకె చెప్పినప్పుడల్లా అదే అంకెను ప్రాంతం, చదువు, ఆదాయం వారీగా కూడా విడదీసి చూడకుండా దాన్ని ఆ సమూహపు స్వభావంగా రాయడం నా దృష్టిలో తొందరపాటు మాత్రమే కాదు, అన్యాయం కూడా.

ఐదో మెట్టు: కారణం అన్న మాట వినగానే పోలిక అడగండి

2021 మేలో, కరోనా రెండో విడత ఉధృతంగా ఉన్నప్పుడు, నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో నాటువైద్యుడు ఆనందయ్య కరోనాకు ఇస్తున్న మందు కోసం వేలమంది తరలివెళ్లారు. ఆస్పత్రిలో మంచం, ఆక్సిజన్ దొరకని రోజులవి. ఆ జనాన్ని ఎగతాళి చేసినవారిని చూసి నాకు అప్పుడూ బాధ కలిగింది, ఇప్పుడూ కలుగుతుంది. అయినా "మా వాళ్లు వాడారు, తగ్గింది" అన్న వాక్యాన్ని పరీక్షించక తప్పదు. కరోనా సోకినవారిలో ఎక్కువమంది ఏ ప్రత్యేకమైన మందూ లేకుండానే కోలుకున్నారు. కాబట్టి వాడి కోలుకున్నవారి సంఖ్య ఒక్కటే చాలదు. వాడినా కోలుకోనివారు ఎందరు, వాడకుండా కోలుకున్నవారు ఎందరు, వాడకుండా కోలుకోనివారు ఎందరు అన్న మూడు గడులు కూడా నిండాలి. మనకు వినిపించేది ఎప్పుడూ మొదటి గడి ఒక్కటే, ఎందుకంటే తగ్గినవారే వచ్చి చెబుతారు.

ఆయుష్ నిపుణులు అందులో హానికరమైన పదార్థాలు కనబడలేదన్నారు, మే 31న రాష్ట్ర ప్రభుత్వం కంట్లో వేసే మందు మినహా మిగిలినవాటికి అనుమతి ఇచ్చింది. దీన్ని "ప్రభుత్వమే పనిచేస్తుందని ఒప్పుకుంది" అని చాలామంది చదివారు. హాని లేదన్న మాటకూ రోగం తగ్గిస్తుందన్న మాటకూ మధ్య ఎంతో దూరం ఉంది, ఆ దూరం దాటడానికి ప్రయోగం కావాలి. ఫోన్ల వల్లే నేరాలు, సినిమాల వల్లే హింస, ఉచిత పథకాల వల్లే కూలీల కొరత అన్న వాదనలన్నింటికీ ఇదే నాలుగు గడుల పట్టిక గీసి చూడండి. ఎన్ని గడులు ఖాళీగా ఉన్నాయో చూసి, అంతకు మించని నమ్మకంతో మాట్లాడండి.

ఆరో మెట్టు: కర్తవ్యం దగ్గర విలువను విలువగానే చెప్పండి

మద్యనిషేధం ఉండాలా, ఉరిశిక్ష ఉండాలా, ఇంగ్లిష్ మాధ్యమం మేలా అన్నవి అంకెలతోనే తేలిపోయే ప్రశ్నలు కావు. ఇక్కడ "నాకు పిల్లవాడి మాతృభాష ముఖ్యం" అని గాని, "నాకు పేద పిల్లవాడి ఉద్యోగం ముఖ్యం" అని గాని నేరుగా చెప్పడం నిజాయతీ. దాన్ని దాచి అధ్యయనాల వెనక నిలబడితే ఎదుటివారు ఆ అధ్యయనాన్ని పడగొట్టినా మీ మనసు మారదు, అప్పుడు వారికి మోసపోయినట్టు అనిపిస్తుంది.

ఏడో మెట్టు: జవాబు రాయడం

ఎదుటివారి మాటలో నిజమైన భాగాన్ని ముందుగా ఒప్పుకోండి, తర్వాత ఒక్క తప్పునే చూపండి, ఆధారం పక్కనే పెట్టండి. ఆ వరద రాత్రి నేను మా బావకు రాసింది ఇది: "బావా, గేట్లకు పడవలు తగిలిన మాట నిజమే. ఈ వీడియోలో కొట్టు బోర్డు గుజరాతీలో ఉంది, ఎడమ వైపు చూడు. సీతానగరం పిన్నితో ఇప్పుడే మాట్లాడాను, బ్యారేజీ నిలిచే ఉందట." ఐదు నిమిషాల్లో బావ ఆ వీడియో తీసేశాడు. పెద్దవారి విషయంలో అందరి ముందూ దిద్దకుండా ఫోన్ చేసి, "పెదనాన్నగారూ, అది పాత ఫొటో అండీ, మీరే గ్రూపులో ఒక మాట రాస్తే బాగుంటుంది" అని అడగడం మన ఇళ్లలో పనిచేసే పద్ధతి. పుకారు ఆపడానికి మాట్లాడే తీరు ఎంత ముఖ్యమో 2018లో గద్వాలలో చూశాం. అక్కడి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరికీ పంపి, జనంతో కూర్చోబెట్టి, డప్పు మీద పాటలతో పిల్లల్ని ఎత్తుకుపోతున్నారనే నకిలీ వీడియోల సంగతి వివరింపజేశారు.

ఒక మనిషిపైన గాని, ఒక కులంపైన గాని, మతంపైన గాని దాడికి దారితీసే మాట అయితే వాదన గెలవడం కోసం చూడకండి. దాన్ని ముందుకు పంపకుండా ఆపండి, గ్రూపు నిర్వాహకులకు చెప్పండి, ప్రాణాపాయం ఉందనిపిస్తే 112కు ఫోన్ చేయండి. ఆధారం చాలని మిగతా విషయాల్లో "ఇది నాకింకా తేలలేదు" అని రాసి ఊరుకోవడం పూర్తి సమాధానమే.

మీదే తప్పని తేలితే తప్పు రాసిన చోటే, అదే మనుషులకు కనిపించేలా దిద్దండి. పాత సందేశాన్ని చడీచప్పుడూ లేకుండా తుడిచేస్తే దాన్ని అప్పటికే నమ్మినవారికి ఆ దిద్దుబాటు చేరదు. ఎస్సీలకు క్రీమీలేయర్ పెట్టాలని కోర్టు ఆదేశించిందని 2024 ఆగస్టు 1 రాత్రి టీవీలో పోతున్న అక్షరాలను చూసి మా గ్రూపులో రాసినవారిలో నేనూ ఒకణ్ని. రెండు రోజుల తర్వాత తీర్పు చదివి ఇలా రాశాను: "మొన్న నేను రాసింది తప్పు. కోర్టు తేల్చింది వర్గీకరణ అధికారం గురించి. క్రీమీలేయర్ మీద నలుగురు న్యాయమూర్తులు అభిప్రాయం చెప్పారు, ఆదేశం ఇవ్వలేదు. తీర్పు ఫైలు కింద పెడుతున్నాను." ఆ రాత్రి ఎవరూ ఏమీ అనలేదు. మర్నాడు పొద్దున మా బాబాయి ఫోన్ చేసి, ఫైలు ముద్రించుకున్నానని, అందులో ఒక పేరా తనకు అర్థం కాలేదని, కలిసి చదువుదామా అని అడిగాడు.